సోణుడి పాదాలు, మళ్లీ పరుగు

 

మన విహారానికి వచ్చే ఒక తమ్ముడు పదివేల మీటర్లు పరిగెత్తేవాడు. అంటే గ్రౌండు చుట్టూ 25 రౌండ్లు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని ఇంట్లో ఆశ. విశ్రాంతి లేకుండా పరిగెత్తి పరిగెత్తి మోకాలి కింది ఎముకలో సన్నని పగులు వచ్చింది. నొప్పి తగ్గగానే పాత వేగంతో దిగాడు, మళ్లీ పగిలింది. ఏడాదిన్నర పోయింది. "వయసు దాటిపోతోంది అన్నా, ఊరుకుంటే ఎట్లా?" అన్నాడు.

ఆస్తి లేని ఇంటి బిడ్డకు ఒక సీజన్ పోవడమంటే ఏమిటో మనకు తెలుసు. "అంతా అనిత్యం, వదిలెయ్" అని చెప్పి లేచిపోవడం ధమ్మం కాదు.

అతనికి సోణ కోళివీసుని సంగతి చెప్పాను. చంపానగరంలో ధనవంతుల బిడ్డ. భిక్షువై రాజగృహం దగ్గర సీతవనంలో నడక ధ్యానం చేసీ చేసీ అరికాళ్లు చిట్లాయి, బాటంతా నెత్తురైంది. ఇంత చేసినా ఫలితం లేదు, ఇంటికి పోదామా అనుకున్నాడు. భగవానుడు తిట్టలేదు, ఇంకా గట్టిగా చెయ్యమనీ అనలేదు. నువ్వు వీణ వాయించేవాడివి కదా, తీగ మరీ బిగిస్తే పలుకుతుందా, మరీ వదులు చేస్తే పలుకుతుందా అని అడిగాడు.

తర్వాతి సంగతి మనవాళ్లు ఎక్కువ చెప్పరు. బుద్ధుడు సోణునికి చెప్పులు తొడుక్కోమని అనుమతిచ్చాడు. నాకొక్కడికే అయితే వద్దు, సంఘానికంతా ఇస్తే తొడుక్కుంటాను అన్నాడు సోణుడు. అందరికీ అనుమతి వచ్చింది. మనలో చాలామంది తాతలు చెప్పులు కుట్టినవాళ్లే, అందుకే ఈ సంగతి నాకు మరీ ఇష్టం. సమ్మా వాయామంలో అరికాలికి కూడా చోటుంది.

పరుగు ఆపి మొదలుపెట్టినవాడికి ఊపిరి ముందు తిరిగొస్తుంది, ఎముక నెమ్మదిగా గట్టిపడుతుంది. అక్కడే మోసపోతాం. తీగ ఎంత బిగించాలో పాత టైమింగ్ చెప్పదు, ఇవాళ్టి కాలు చెప్పాలి. అందుకే తమ్ముడు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడకతో మొదలుపెట్టాడు. పక్కవాడితో మాట్లాడగలిగినంత వేగమే. నొప్పి వస్తే ఆగిపోవడం, అదే అతనికి అన్నిటికన్నా కష్టమైంది. స్టాప్‌వాచ్‌ని వాళ్లమ్మ బియ్యం డబ్బాలో దాచేసింది!

పోయిన నెల జిల్లా పోటీల్లో అయిదువేల మీటర్లు పరిగెత్తాడు. ఒకప్పుడు వెనక పడిన కుర్రాళ్లు ఒక రౌండు పైగా దాటిపోయారు. వాళ్ల వెంట పడదామని ప్రాణం లాగిందట, పడలేదు. పదకొండోవాడిగా వచ్చాడు. వాళ్లమ్మ ఎన్నో స్థానమని అడగలేదు. కాలు నొక్కి చూసి, "ఇక్కడ నొప్పుందా?" అంది. లేదన్నాడు.

ఉద్యోగం నోటిఫికేషన్ ఇంకా రాలేదు. ఎల్లుండి పొద్దున మళ్లీ గ్రౌండుకు వెళ్తాడు.