తప్పుగా పాడిన పాట

రేపల్లె పక్క పల్లెలో ఒక కౌలు రైతు కుర్రాడుండేవాడు. ఎకరంన్నర మాగాణి, పాత హార్మోనీ, పాటలు రాసుకున్న నోటుబుక్కు, అదీ అతని ఆస్తి. ఛందస్సు రాదు, గురువు లేడు. చెవికి ఇంపుగా తోస్తే రాసేసేవాడు. నాట్ల రోజుల్లో ఆ పాటల్ని ఆడకూలీలకు నేర్పేవాడు. వాళ్లు రెండు రోజులు ఉన్నదున్నట్టు పాడి, మూడోనాటికి మార్చేసేవాళ్లు. బారెడు సమాసం ఎగిరిపోయేది, దాని చోట 'ఓలమ్మో' వచ్చి కూర్చునేది. కుర్రాడికి ఒళ్లు మండేది.

"ఏందక్కా, నేను రాసిందేంది, నువ్వు పాడేదేంది?"

"వంగి నారు గుచ్చేటప్పుడు అంత మాట నోట పట్టదబ్బాయా. మధ్యలో ఊపిరి తీసుకోవద్దూ?"

వీళ్లకు చెప్పి లాభం లేదనుకుని, నోటుబుక్కు చంకన పెట్టుకుని తెనాలి రైలెక్కాడు. నాటకాలవాళ్లకు తెనాలిలో కొదవ లేదు. అక్కడొక కాంట్రాక్టరు పడక్కుర్చీలో వాలి, కునికిపాట్లు పడుతూ వరసగా పాటలన్నీ విన్నాడు.

"ఇవి ఎవరన్నా పాడతారుటోయ్?"

"మా ఊరి కూలీలు పాడతారండీ. కానీ అన్నీ తప్పులే."

కాంట్రాక్టరు లేచి కూర్చున్నాడు. "ఏదీ, ఆ తప్పులతోనే ఒకటి పాడు."

కుర్రాడు సిగ్గుపడుతూనే అందుకున్నాడు. రెండో చరణానికి హార్మోనిస్టు మెట్ల మీద చెయ్యి వేశాడు. మూడోదానికి కాఫీ తెచ్చినవాడు గుమ్మంలోనే నిలబడిపోయి తలాడించాడు. ఆ యేడు బాపట్ల తిరునాళ్ల నాటకంలో ఆ పాటకు వన్స్‌మోర్లు పడ్డాయి. మళ్లీ నాట్లు వచ్చేసరికి కుర్రాడు నోటుబుక్కులో ఎడంవైపు పేజీలు ఖాళీగా ఉంచడం మొదలుపెట్టాడు, ఆడవాళ్లు మార్చిన మాటలు రాసుకోడానికి.

నీతి: పాట కట్టేది ఒకడు, చక్కబెట్టేది పాడే నోళ్లు. వాటి మీద అలిగినవాడి పాట నోటుబుక్కు దాటదు.

కథ కల్పితమే గానీ, ఆ నేల మీదే దీనికి దాఖలా ఉంది. కొసరాజు రాఘవయ్య చౌదరిది బాపట్ల దగ్గరి అప్పాపురం. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతుబిడ్డ'కు ఆయన పాటలు రాస్తే, జమీందార్లకు కంట్లో నలుసైన ఆ సినిమా కాస్తా నిషేధం పాలైంది. మళ్లీ ఆయన పాట జనం నోట మోగడానికి 1954లో 'పెద్దమనుషులు' రావాల్సి వచ్చింది. మరుసటి యేడు 'రోజులు మారాయి'లో ఏరువాక పాట. మాస్టర్ వేణు సంగీతం, జానపదుల వరస, పొలంగట్టు మాట. అదే 1955లో అమెరికాలో చక్ బెర్రీ 'ఐడా రెడ్' అనే పాత పల్లెపాటను మార్చి 'మేబెలీన్'గా పాడి, రాక్ అండ్ రోల్‌తో కుర్రకారును ఊపేశాడు. నన్నడిగితే మన ఏరువాకదే గట్టి ప్రాణం. 1960లో ఎస్.డి. బర్మన్ ఆ వరసను హిందీ సినిమా 'బొంబయ్ కా బాబూ'లోకి తీసుకుపోయాడు. అక్కడ నాగలీ లేదు, దుక్కీ లేదు. అయినా హిందీవాళ్లు దాన్ని తమదే అనుకుని పాడుకున్నారు.