దాసోహము: వంగుటయా, లొంగుటయా?

‘ఆయన ధనమునకు దాసోహమనెను’ అని తెలుగున ఒక వాడుక కలదు. లొంగిపోయెనని, ఆత్మగౌరవమును విడిచెనని దాని భావము. అధికారమునకు దాసోహమనిన నాయకులు, ఎదుటి జట్టునకు దాసోహమనిన ఆటగాండ్రు పత్రికలలో తరచు కనబడుచుందురు. అదే మాటను కలబురగిలోనో తుమకూరులోనో పలికినచో, వినువారి మనస్సున మెదలునది ఓటమి కాదు. బంతి తీరి కూర్చున్న జనము, విస్తరిలో వేడి అన్నము. ఒకే పదము ఒక భాషలో అవమానముగను, పొరుగు భాషలో ఆతిథ్యముగను ఎట్లు మారెను? ఇది కేవలము నిఘంటువునకు సంబంధించిన విషయము కాదు. వంగుటకును లొంగుటకును గల భేదమేమి అను ధర్మప్రశ్న దీనిలో ఇమిడియున్నది.

మాట పుట్టుక సంస్కృతము. ‘దాసః’, ‘అహమ్’ అను రెండు పదములు కలిసి ‘దాసోఽహమ్’ అగుచున్నది. ‘నేను దాసుడను’ అని అర్థము. ఈ సంధిలో ఒక విశేషము కలదు. విసర్గము ఓకారముగా మారి నిలుచును. ‘అహమ్’ లోని అకారము మాత్రము లోపించును. దాని స్థానమును సూచించుటకు అవగ్రహమను చిన్న గుర్తు మిగులును. తెలుగున అహమనగా గర్వమనియే వాడుక. దాసుడు ముందు నిలిచిన చోట అహమునకు మొదటి అక్షరమే లేకుండ పోవుట వ్యాకరణము యాదృచ్ఛికముగా చెప్పిన నీతి.

అయితే ‘దాస’ శబ్దము మొదట పవిత్రమైనది కాదు. ఋగ్వేదమున అది పెక్కుచోట్ల శత్రువులను చెప్పిన మాట. తరువాతి కాలమున కొనబడి, అమ్మబడి, యుద్ధమున పట్టుబడి, స్వాతంత్ర్యమును కోల్పోయిన మనుష్యునికి అది పేరయ్యెను. మనుస్మృతి దాసులను ఏడు విధములుగా లెక్కించినది. అట్టి మాటను భక్తులు తమంత తామే తమ పేరునకు చేర్చుకొనిరి. పురందరదాసు, కనకదాసు, తులసీదాసు మొదలగు నామములు అట్లు వచ్చినవే. లోకము హీనమని ఎంచిన మాటను ఎవరును బలవంతపెట్టకయే స్వీకరించుట వలన దాని అర్థము తలక్రిందులయ్యెను.

ఇతర భాషలలోను ఈ మార్గము కనబడును. తమిళమున ‘అడి’ యనగా పాదము. పాదముల నాశ్రయించినవారు ‘అడియార్లు’. అరువదిమువ్వురు నాయనార్లకు అది గౌరవనామము. పారసీకమున ‘బందా’ యనగా కట్టుబడినవాడు, బానిస. దాని నుండి వచ్చిన ‘బందగీ’ ఆరాధనకును, నమస్కారమునకును పేరయ్యెను. కలబురగిలో సమాధియైన సూఫీ మహనీయుడు ఖ్వాజా బందా నవాజు బిరుదమునకు సేవకులను ఆదరించువాడని అర్థము. ఇటలీ దేశీయులు కలిసినపుడును విడిపోవునపుడును ‘చావ్’ అందురు. వెనీసు నగరపు మాండలికమున బానిస యను అర్థముగల మాట అరిగి అట్లయినది. ‘నేను మీ దాసుడను’ అని మొదట దాని భావము. నేడు పలుకువారికి ఆ స్పృహ లేదు. ఆచరణ లేని వినయము చివరకు ఒట్టి పలకరింపుగా మిగులునని ఆ మాట చరిత్ర తెలుపుచున్నది.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమున శరణులు ఈ పదమును మరియొక త్రోవ నడపిరి. ‘సోఽహమ్’, అనగా ‘అతడే నేను’ అనుట జ్ఞానుల మార్గము. ఆ మాటలో అహంకారము దాగుకొనుటకు తావున్నదని గ్రహించి శరణులు ‘దాసోహము’నే మిన్నగా నెంచిరి. వారంతటితో ఆగలేదు. ‘నేను దాసుడను’ అను వాక్యమును ఒక పనికి పేరుగా మార్చిరి. కన్నడమున ‘దాసోహ’ యనగా కాయకమున సంపాదించిన దానిని జంగమునకును, సమాజమునకును వినయముతో సమర్పించుట. వాక్యము నామవాచకమైనది, మాట అన్నమైనది. బిజ్జలుని కొలువున భాండారి పదవి నిర్వహించిన బసవేశ్వరుడు శరణులందరిలో తానే చిన్నవాడనని చెప్పుకొనుట ఈ భావమునకు ప్రాణము.

ఆయ్దక్కి మారయ్య కథ ఇచట స్మరింపదగినది. ‘ఆయ్దక్కి’ యనగా ఏరుకొన్న బియ్యము. నేల రాలిన గింజలను ఏరితెచ్చుట ఆయన కాయకము. దానితోనే ఆ దంపతుల దాసోహము సాగెడిది. ఒకనాడాయన అలవాటునకు మించిన బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. అక్కరకు మించినది ఆశయే యని పలికి, మిగిలిన దానిని తెచ్చిన చోటనే విడిచి రమ్మని పంపెను. ఎక్కువ బియ్యముతో ఎక్కువమందికి పెట్టవచ్చును గదా యని లోకము వాదించును. లక్కమ్మ దృష్టి వేరు. పెట్టుట ఎంత ముఖ్యమో, పెట్టునది ఎట్లు వచ్చెననుటయు అంత ముఖ్యము.

దానమునకును దాసోహమునకును గల భేదమిదియే. దానమున ఇచ్చువాని చేయి పైన, పుచ్చుకొనువాని చేయి క్రింద నుండును. దాసోహమున ఇచ్చువాడే సేవకుడు. పుచ్చుకొనువాడు ఋణపడడు, తన సమర్పణను స్వీకరించినందుకు ఇచ్చినవాడే కృతజ్ఞుడగును.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. వెట్టిచాకిరితో తరతరములు నలిగిన దేశమున దాస్యమును ఆదర్శముగా చెప్పుట న్యాయమా? తెలంగాణ పల్లెలలో వెట్టి ఎట్టిదో పెద్దలకు తెలియును. వెట్టిచాకిరిని రద్దు చేయు చట్టము 1976లో గాని రాలేదు. ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. బలహీనునకు వినయమును బోధించి తాను బలమును దాచుకొనువాడు శరణుల మాటను దొంగిలించినవాడగును. దాసోహము పలుకుటకు స్వేచ్ఛ కావలెను. కాదనుటకు శక్తి లేనివాడు పలికిన దాసోహము లొంగుబాటు. కాదనగలిగియు తనంత తాను వంగినవాడు పలికినదే శరణుల దాసోహము. అందుచేతనే ఆ మాట ఏలికకు గాక జంగమునకు, ఆకలిగొన్నవానికి చెప్పబడినది. ధనమునకు, అధికారమునకు చెప్పిననాడు దాని దిక్కు మారిపోవును.

కన్నడ దేశము ఈ అర్థమును గ్రంథములలో మాత్రమే దాచలేదు, వంటశాలలలో నిలుపుకొన్నది. 1956 వరకు హైదరాబాదు రాజ్యమున నుండిన కలబురగిలో శరణబసవేశ్వరుడు నేటికిని మహాదాసోహియని పిలువబడుచున్నాడు. తుమకూరు సిద్ధగంగా మఠాధిపతి శివకుమారస్వామి కులమతభేదము లేక వేలాది బాలురకు అన్నము, అక్షరము, ఆశ్రయము కల్పించి త్రివిధ దాసోహియైరి. 2019 జనవరి 21న వారు లింగైక్యులైనపుడు, బాలుర మధ్యాహ్న భోజనము ముగిసిన పిదపనే ఆ వార్తను ప్రకటించిరి. గురువు మరణము కంటె పిల్లల ఆకలి ముందు నిలిచినది.

తెలుగునకు ఈ భావము పరాయిది కాదు. పాల్కురికి సోమనాథుడు బసవని చరితమును ద్విపదలో తెలుగువారికందించి ఏడువందల ఏండ్లు దాటినది. తెలుగునాట శివభక్తుల ఇండ్లలో పెట్టు చేతులకును కొదవ లేదు. కాని పెట్టు పనికి ‘అన్నదానము’ అను పేరు స్థిరపడి, ‘దాసోహము’ లొంగుబాటునకు మిగిలినది. పని ఒకచోటికి, మాట మరియొక చోటికి పోయినవి.

రెండింటిని మరల కలుపుట పండితుల చేతిలో లేదు. ఉత్సవమునాడు వడ్డన జరుగుచోట గోడపై దాతల పేర్లు పెద్ద అక్షరములతో నున్నవా, దాతయే విస్తళ్లు ఎత్తుచున్నాడా, బంతిలో చివర కూర్చున్నవానికిని మొదటివానికిని ఒకే అన్నము చేరుచున్నదా అనునవి ప్రతి మఠమును, ప్రతి గృహమును వేసికొనదగిన ప్రశ్నలు. వానికి నిజాయితీగా సమాధానము చెప్పుకొనిన యింట దాసోహమునకు శరణుల నాటి అర్థము తిరిగి వచ్చును.