హద్దు అవతల పోయించుకున్న పెట్రోలు

ఈసారి చాలా చిన్న విషయం రాస్తున్నాను. చిన్నదే గాని నాలుగు నెలలుగా నన్ను వదలడం లేదు. మీలో హోసూరు నుంచి బెంగుళూరుకు రోజూ పనికి పోయేవారు, అత్తిబెలె దగ్గర ఇటు పోయించుకోవాలా అటు పోయించుకోవాలా అని లెక్కలు వేసుకునేవారు ఉన్నారు గనుక ఇది నా ఒక్కడి సంగతి కాదనుకుంటాను.

మాది యానాం. ఉద్యోగం కాకినాడలో. పొద్దున్న ఎనిమిదింటికి బండి తీస్తే తాళ్లరేవు, కోరంగి, చొల్లంగి మీదుగా జగన్నాథపురం వంతెన దాటి ఆఫీసుకు చేరతాను. రానూ పోనూ సుమారు 60 కిలోమీటర్లు. యానాం పుదుచ్చేరిలో భాగం. అక్కడ పెట్రోలు మీద పన్ను తక్కువ. 2025 జనవరి 1 నుంచి పుదుచ్చేరి ప్రభుత్వం వ్యాట్ పెంచినందున లీటరుకు రెండు రూపాయల దాకా పెరిగింది. అయినా ఆ ఏడాది మా ఊరి బంకుకూ ఆంధ్రలోని బంకుకూ మధ్య తేడా లీటరుకు సుమారు 12 రూపాయలు ఉంది. ఆంధ్రలో 31 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్ల సెస్సు మరో రూపాయి. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు పెట్రోలు, డీజిలును దాని బయటే ఉంచారు. కాబట్టి ఏ ప్రభుత్వం ఇష్టం దానిది. 2021 నవంబరులో కేంద్రం ఎక్సైజు తగ్గించినప్పుడు పుదుచ్చేరి తన పన్ను కూడా తగ్గించింది, ఆంధ్ర తగ్గించలేదు. తేడా అలా పెరుగుతూ వచ్చింది.

నా బండి లీటరుకు 50 వస్తుంది. నెలకు 25 రోజులు తిరిగితే 30 లీటర్లు, అంటే నాకు మిగిలేది 360 రూపాయలు. గ్యాసు బండలో సగం కూడా రాదు. అయినా మిగులు మిగులే.

మా బావమరిది కాకినాడలో ఉంటాడు. ఒకనాడు ఫోను చేసి, "బావగారూ, మీరు రోజూ వచ్చే దారే గదండీ, ఓ అయిదు లీటర్లు డబ్బాలో పట్టుకొచ్చెయ్యండి" అన్నాడు. తెచ్చాను. తర్వాత వాళ్ల ఇంటి ఓనరు అడిగాడు. ఆ తర్వాత మా ఆఫీసులో ఒకాయన. చూస్తుండగానే ప్రతి శుక్రవారం రెండు డబ్బాల్లో ఇరవై లీటర్లు నా బండికి వేలాడటం మొదలయింది. ఆఫీసాయన మొహమాటస్తుడు. "మీ శ్రమ ఉందిగదండీ" అని లీటరుకు మూడు రూపాయలు ఎక్కువ ఇచ్చాడు. వద్దన్నాను. రెండోసారి వద్దనలేదు. మూడోసారి ఆయన ఇవ్వడం మరిస్తే నేను గుర్తుచేశాను. ఈ చివరి మాట రాయడానికే నాకు ఇన్నాళ్లు పట్టింది.

1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలు 30 లీటర్లు మించకుండా లైసెన్సు లేకపోయినా దగ్గర ఉంచుకోవచ్చు. నావి ఇరవై లీటర్లే గదా అని ధైర్యంగా ఉండేవాణ్ణి. కాని ఆ చట్టంలో అసలు మాట లీటర్లు కాదు, "అమ్మకానికి కాని" అన్నది. ఆ మూడు రూపాయలు జేబులో వేసుకున్న రోజునే నేను వ్యాపారస్తుణ్ణయ్యాను. పైగా ఒక శుక్రవారం కోరంగి దగ్గర డబ్బా మూత వదులై పాంటు మోకాలి దాకా తడిసిపోయింది. టీ కొట్టు దగ్గర బండి ఆపితే బీడీ కాలుస్తున్న ముసలాయన లేచి నాలుగడుగులు వెనక్కి వేసి, "ఏమండోయ్, మమ్మల్ని కూడా తీసుకుపోతారా ఏంటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని ఆ రాత్రి నిద్రపట్టలేదు.

డబ్బాలు ఎందుకు పుడతాయో గమనించండి. కాకినాడ నుంచి పనిగట్టుకుని యానాం వచ్చి పది లీటర్లు పోయించుకునేవాడికి మిగిలేది 120 రూపాయలు. రానూ పోనూ కాలేది లీటరుంబావు దాకా, అంటే 115 రూపాయలు. అయిదు రూపాయలకు సగం రోజు పోయింది. కారులో వచ్చి 35 లీటర్లు నింపుకునేవాడికి 420 మిగిలితే నాలుగు లీటర్లు దారిలోనే కాలిపోతాయి, ఆ ముప్ఫయ్యో నలభయ్యో టీకీ పునుగులకీ సరి. ట్యాంకుతో గిట్టదు కాబట్టే మనసు డబ్బా వైపు పోతుంది. ఎటూ ఆ దారిన పోవలసినవాడికి ఈ ఆదా న్యాయంగా దొరుకుతుంది. దానికోసమే బయలుదేరినవాడు మాత్రం చట్టాన్ని కాస్త వంచితే తప్ప గిట్టించుకోలేడు.

కొందరు, హద్దు దాటి కొనడమే తప్పంటారు, నీ ప్రభుత్వానికి రావలసిన పన్ను ఎగ్గొట్టినట్టేనని. దీన్ని మా ఊరివాళ్లం తేలిగ్గా కొట్టిపారేయలేం. ఎందుకంటే హద్దును వాడుకోవడంలో యానాంకు పాత చరిత్ర ఉంది. 1929లో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదని. 1930 ఏప్రిల్ నుంచి బ్రిటిషు జిల్లాల్లో అమలయింది. యానాం అప్పుడు ఫ్రెంచివారిది, ఆ చట్టం ఇక్కడ చెల్లదు. చుట్టుపక్కల నుంచి పిల్లల్ని తీసుకొచ్చి ఇక్కడ తాళి కట్టించి తీసుకుపోయేవారు. అందుకే మా ఊరికి కల్యాణపురం అనే పేరొచ్చింది. కొందరు ఆ పేరు ముచ్చటగా చెప్పుకుంటారు. నాకు మాత్రం వినబుద్ధి కాదు. ఎనిమిదేళ్ల పిల్లకు కాలవ అవతల జరిగినా ఇవతల జరిగినా అన్యాయం ఒక్కటే. హద్దు దాన్ని దాచింది, మార్చలేదు.

పెట్రోలు అలాంటిది కాదని నా అభిప్రాయం. పన్ను ఎంత ఉండాలన్నది ఆయా ప్రభుత్వాలు తేల్చుకునేది. 17 శాతం పుణ్యం, 31 శాతం పాపం అని ఎక్కడా లేదు. యానాం బంకులో నేను కట్టే ధరలో యానాంవాడిగా నేను కట్టవలసిన పన్ను పూర్తిగా ఉంది. రోడ్డు సంగతంటారా, నేను తిరిగేది 216 నంబరు జాతీయ రహదారి. దానికి ఖర్చు కేంద్రానిది, కేంద్రం వేసే పన్ను రెండు చోట్లా ఒకటే. ఇంతవరకు నా వాదన నిలుస్తుంది.

ఇక్కడితో ఆపేస్తే సుఖంగా ఉండేది. కాని మా ఊళ్లో ఎవరికైనా జబ్బు ముదిరితే పోయేది కాకినాడ పెద్దాసుపత్రికే. మా అమ్మను పదకొండు రోజులు ఉంచింది అక్కడే. ఆ మంచం, ఆ సెలైను ఆంధ్ర ఖజానాలోంచి వచ్చినవి. మేము యానాం వాళ్లమని ఎవరూ అడగలేదు. నేను డబ్బాల్లో తెచ్చిన పెట్రోలు నా కోసం కాదు, కాకినాడలో ఉండేవారి కోసం. వాళ్లు తమ ఊళ్లో కట్టవలసిన పన్ను నా చేతిమీదుగా తప్పింది. నేను పోయించుకున్నదీ వాళ్లకు మోసినదీ ఒక్కటే బంకులోనిది. ఒకటి నాకు న్యాయం అనిపిస్తోంది, ఇంకొకటి అనిపించడం లేదు.

హద్దు దాటాక ఆంధ్రలో ఒక చిన్న బంకు ఉంది. నేను అక్కడ ఎప్పుడూ పెట్రోలు పోయించుకోను. టైర్లకు గాలి మాత్రం పట్టిస్తాను, ఊరికే పడతారు గనుక. అక్కడి కుర్రాడు నాకు ముఖపరిచయం. డబ్బాలు వేలాడేసుకుని ఆగిన ఒకనాడు అతను గాలి గొట్టం పట్టుకుని నవ్వుతూ, "పెట్రోలు అక్కడ, గాలి ఇక్కడాండీ?" అన్నాడు. కోపంగా అనలేదు. అంతకు ముందు నెలలోనే ఆ బంకులో నలుగురు పనివాళ్లు ఇద్దరయ్యారని తర్వాత తెలిసింది.

ఆ శుక్రవారమే ఆఫీసాయనకు అంతవరకు తీసుకున్నది లెక్కకట్టి ఇచ్చేశాను. 216 రూపాయలు అయింది. ఆయన నొచ్చుకున్నారు. బావమరిదికి చెబితే, "ఏంటి బావగారూ, అయిదు లీటర్లకి ఇంత ఆలోచనాండీ" అన్నాడు. అటువైపు పని పడ్డప్పుడు నువ్వే వచ్చి నీ బండి ట్యాంకు నిండా పోయించుకో, మీ అక్క చేపల పులుసు చేసి పెడుతుంది అన్నాను. ఇంతవరకు రాలేదు. నా బండికి ఇప్పటికీ యానాంలోనే పోయిస్తున్నాను. గాలి మాత్రం మా ఊరి సైకిలు షాపులో అయిదు రూపాయలిచ్చి పట్టించుకుంటున్నాను.