మూగవోయిన యంత్రము

పలుకుట మానిన వస్తువు విషయమున మనవారు సాధారణముగా రెండు మార్గములలో నొకదానిని త్రొక్కుదురు. ఒకటి పూజ, రెండవది పాతసామానుల బండి. మహానవమినాడు మూలనున్న యంత్రమునకు పసుపు రాచి, కుంకుమబొట్టు పెట్టి, బంతిపూలదండ వేయుదురు. మఱునాడు మరల గుడ్డ కప్పుదురు. అది యేల పలుకుటలేదని యడుగువారుండరు. పూజయందు నమ్మకము లేనివారు దానిని తూకమునకు వేసి యమ్ముదురు. వారును ఆ ప్రశ్న నడుగరు. చూచుటకు ఈ రెండు మార్గములును పరస్పర విరుద్ధములు. ఫలము మాత్ర మొక్కటియే. తెలిసికొను శ్రమ రెండింటను తప్పిపోయినది. ఆ శ్రమ మనకు విధియా, లేక వట్టి వేడుకయా? పాత కంప్యూటరులోని సౌండుకార్డును పలికించుట యను చిన్నపనిని ఆధారముగా గొని ఈ ప్రశ్నను విచారింతము.

1981వ సంవత్సరమున ఐబీఎం వారు వెలువరించిన పర్సనల్ కంప్యూటరునకు కంఠమనదగినది లేకుండెను. లోపల నొక చిన్న స్పీకరు మాత్రముండి కీచుమని కూయుచుండెను. 1987లో కెనడా దేశపు క్యుబెక్ నగరమునుండి ఆడ్‌లిబ్ అను కార్డు వచ్చెను. దానియందలి యమహావారి చిప్పు తొమ్మిది స్వరముల నేకకాలమున పుట్టించెడిది. 1989లో సింగపూరునందలి క్రియేటివ్ సంస్థవారు సౌండ్ బ్లాస్టరును తెచ్చిరి. ఇది ఆ తొమ్మిది స్వరములతోపాటు మనుష్యుని మాటను గూడ అంకెలుగా మార్చి దాచి, ఆ యంకెలనుండి మరల ధ్వనిగా వినిపింపగలిగెను. ఇట్టి కార్డులు గల యంత్రములు మన కర్నూలు, కడప సీమలకును వచ్చినవి. నేడవి యిండ్ల అటకలపైనను, బడుల సామానుగదులలోను పడియున్నవి. నలువది డిగ్రీలు మించు వేసవి యెండయు, గాలితో లేచు సన్నదుమ్మును వానిని కప్పియున్నవి. వానిని చూచిన ప్రతివాడును "ఇది చచ్చినది" అని తీర్పు చెప్పును. విచారణ లేని తీర్పు న్యాయమగునా?

కార్డును గాడిలో దిగవేసినంత మాత్రమున ధ్వని రాదు. మూడు విషయములు కుదురవలెను. మొదటిది చిరునామా; ప్రోగ్రాము కార్డుతో మాటలాడదలచినప్పుడు తట్టవలసిన తలుపు అది. సాధారణముగా దాని సంఖ్య 220. ఇది పదునాఱేసి లెక్కలో వ్రాసిన సంఖ్య; మన పదేసి లెక్కలో దాని విలువ 544. రెండవది పిలుపుగంట, తన చేతనున్న ధ్వని ముక్క ముగిసినదనియు, తరువాతిది పంపుమనియు కార్డు ప్రాసెసరును పిలుచుట కేర్పడిన తీగ యిది. మూడవది డీఎంఏ యను కాలువ. ప్రాసెసరు చేయి తగులకయే మెమొరీనుండి ధ్వని యంకెలు కార్డునకు పాఱుమార్గ మిది. దీని సంఖ్య సాధారణముగా 1. కాలువనీటికి వంతు లేర్పఱచుకొని పొలములు తడుపుకొను మనవారికి ఈ యేర్పాటు సులభముగా బోధపడగలదు. వంతు తప్పినచోట నీరున్నను పైరెండును.

తొలినాటి సౌండ్ బ్లాస్టరు కర్మాగారమునుండి వచ్చునప్పుడే 7వ గంటకు అమర్చబడియుండెడిది. ప్రింటరు పోర్టునకును వాడుకచొప్పున 7వ గంటయే. ఇరువురును ఒకే గంటను లాగినప్పుడు పిలిచినవారెవరో తెలియక యంత్రము తడబడవచ్చును. అప్పుడు కార్డుపై నున్న జంపరును, అనగా రెండు సూదులను కలుపు గోరంత తొడుగును, 7నుండి తీసి 5నకు మార్చవలెను. పిదప ఆటోఎగ్జెక్ ఫైలునందలి బ్లాస్టరు పంక్తిలో ఏ 220, ఐ 5, డీ 1 అని వ్రాయవలెను. ఇనుముపై నున్న సంఖ్యయు, వ్రాతలో నున్న సంఖ్యయు ఒక్కటియైన నిమిషమున యంత్రము పలుకును. ఒక్క భాగమును మార్చలేదు. ఒక్క రూపాయి వెచ్చింపలేదు. ఇన్నియేండ్లును మూగయని మనమనినది మూగ కానేకాదు. దానికిని దాని యజమానికిని నడుమ ఒప్పందము లేకుండెను, అంతియే.

ఇందొక సూక్ష్మము గలదు. కొన్నివేళల సంగీతము చక్కగా వినవచ్చును గాని మాట వినరాదు. లేదా మాట తొలిముక్క పలికి యాగిపోవును. తెలియనివాడు కార్డు సగము చెడినదనును. తెలిసినవాడు అట్లనడు. తొమ్మిది స్వరముల చిప్పునకు గంటయు, కాలువయు అక్కఱలేదు, చిరునామా చాలును. మాటకు మూడును కావలెను. కావున సంగీతము వచ్చి మాట రానిచో కార్డు చెడినదని తీర్పు చెప్పరాదు. గంటనో కాలువనో పరీక్షింపవలెనని యంత్రమే చెప్పుచున్నది. దాని మౌనమునకు గూడ అర్థమున్నది. ఆ యర్థమును వినుటకు ఓర్పు వలయును.

ఆ యోర్పునకు ఒక క్రమము గలదు. విద్యుత్తు ఆపి మూత తీయవలెను. తల్లిఫలకముపై నున్న పాత బ్యాటరీ కాఱి రాగిగీతలను తినివేసినదేమో ముందుగా చూడవలెను. దుమ్ము దులిపి కార్డు అంచును శుభ్రపఱుపవలెను. ఒక్కసారికి ఒక్క మార్పే చేయవలెను. చేసినదానిని పుస్తకమున వ్రాసికొనవలెను. ఒకేసారి నాలుగు మార్పులు చేసినవాడు యంత్రమును పలికించినను, అది యేల పలికినదో యెఱుగడు. రేపు మరల మూగవోయినచో వానికి మిగులునది దైవప్రార్థనయే. ఈ యంత్రము ముహూర్తమును మన్నింపదు, ముఖస్తుతికి లొంగదు, పెద్దవాడు చెప్పినాడని తప్పును ఒప్పుగా నంగీకరింపదు. 7 అని వ్రాసియున్నచోట 5 అని యెంత గట్టిగా నఱచినను దానికి వినబడదు. సత్యమునకు తలవంచుట యను గుణము ఉపన్యాసములు వినుటచే అలవడునది కాదు. ఇట్టి పనులయందు వ్రేళ్లతో నలవడునది.

ఇచ్చట నొక బలమైన యాక్షేపము గలదు. 2002లో వెలువడిన డాస్‌బాక్స్ అను ప్రోగ్రాము ఆ పాతయంత్రమును, సౌండ్ బ్లాస్టరును గూడ నేటి కంప్యూటరులో అనుకరించుచున్నది. పాత ఆటలు, పాత పాటలు అందు వినవచ్చుచుండగా ఈ ఇనుముతో పనియేమి యని యడుగుదురు. వినుటయే కోరువారికి పనిలేదని మేమును ఒప్పుకొందుము. కాని ఆ ప్రోగ్రామున మూడు సంఖ్యలును ముందుగనే కుదిర్చి యుంచబడినవి. కుదిర్చినవారు వానిని ఎఱుగుదురు. అనుభవించువారు ఎఱుగ నక్కఱలేదు. మఱియు నకలు సరియైనదియా కాదా యని తేల్చుటకు మాతృక యొకటి ఉండవలెను.

మాతృక విలువ కడపపట్టణమునకు క్రొత్తగా చెప్పవలసినది కాదు. 1820లో ఉద్యోగమునకై కడపకు వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను తరువాత నచ్చట నొక బంగళాను కొని, పండితులకు తన సొమ్ముతో జీతములిచ్చి, తెలుగు వ్రాతప్రతులను సేకరింపించి, ఒకదానితో నొకటి సరిచూపించెను. వేమన పద్యములు 1829లో ఆయన పూనికచే అచ్చుపడినవి. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. నేడు కడపలో ఆయన పేరిట గ్రంథాలయము గలదు. ఆనాడును తాటాకులకు పూజ జరుగుచునేయుండెను. సరస్వతీపూజనాడు పసుపు పూసి మరల మూటకట్టినవారును, విప్పిచూడక పాడుపెట్టినవారును కలరు. ఒక ప్రతిలో పురుగు తిన్న యక్షరమును మఱియొక ప్రతిలో వెదకినవారే ఆ గ్రంథములను మరల పలికించిరి. సౌండుకార్డు వేమనపద్యము కాదు. రెండింటి విలువ యొకటియని మేమనము. విప్పి, సరిచూచి, పలికించు బుద్ధి మాత్రము ఒక్కటియే.

అట్లని పాతదైన ప్రతిదానిని కాపాడుట ధర్మమని మేము చెప్పుటలేదు. ఆఱు యంత్రములను కొని అద్దాలబీరువాలో నిలిపి అతిథులకు చూపుట పసుపుకుంకుమల పూజకు మఱొక రూపమే. చిప్పు కాలిపోయినచో, గీతలు పూర్తిగా తినివేయబడినచో, ఆ యంత్రము నిజముగానే చచ్చినది. పరీక్షించి చెప్పిన ఆ తీర్పును మన్నింపవలెను. కాని అప్పుడును దానిని వీధిలో పాఱవేయరాదు. తీగలను కాల్చి రాగి తీయు పేదపిల్లల ఊపిరితిత్తులలోనికి ఆ పొగ పోవును. అదుకునందలి సీసము మట్టిలో కలియును. 2023 ఏప్రిల్ 1వ తేదినుండి అమలునకు వచ్చిన ఈ-వ్యర్థముల నిబంధనలు ఇట్టి వస్తువులను నమోదైన సంస్థలచేతనే విడదీయింపవలెనని విధించుచున్నవి. మన యటకను ఖాళీచేసికొనుటకై పరుల బిడ్డను రోగిని చేయుట గృహస్థధర్మము కాదు.

ఇక స్క్రూడ్రైవరు ఎవరిచేత నుండవలెనను ప్రశ్న మిగిలినది. మన చదువుకొన్న యిండ్లలో చేతిపని యనిన నేటికిని ఒక చిన్నచూపు గలదు. యంత్రమును కొనుట గౌరవము, విప్పుట కూలిపని యని భావింతురు. ఆడపిల్ల మూత తీయబోయిన "షాకు కొట్టును, నీకెందుకమ్మా?" అని చేతినుండి పనిముట్టును లాగికొందురు. అదే యింట తమ్ముడు విఱుగగొట్టినను మెచ్చుకొందురు. విద్యుత్తు ఆడ మగ యను భేదము నెఱుగదు; జాగ్రత్త యెవరికైనను ఒక్కటియే. మూల పడియున్న యంత్రము విషయమున భయము తక్కువ, నష్టము తక్కువ, నేర్చుకొనుట యెక్కువ. నేటి సెల్‌ఫోను మూత తీయుటయే కష్టము. తీసినను కంటికి కనబడున దేమియు లేదు. పాత కార్డుపై గంట యేదో, దాని సంఖ్య యేదో వ్రేలుపెట్టి చూపవచ్చును. అట్టి పాఠపుస్తకమును తూకమునకు వేయుటకంటె బడిపిల్లల ముందు పెట్టి, బాలికలకును బాలురకును వంతు వేసి విప్పించుట మేలు కాదా?

కావున శ్రమ వస్తువునకై చేయవలసిన విధి కాదు. తెలివికై చేయవలసిన విధి. క్రొత్తబావి త్రవ్వుటకు ముందు పాతబావి పూడిక తీసి చూడుమని కరవుసీమలో పెద్దలు చెప్పుదురు. నీరు పడకపోవచ్చును, కాని లేదని చెప్పుటకు ముందు దిగిచూచినవాడే ఆ మాట చెప్పుట కర్హుడు. మన యిండ్లలో మాటలాడనివారని పేరు పడినవారు కొందఱు గలరు. నలుగురిలో నోరు విప్పని కోడలు, బడిలో వెనుక కూర్చుండు పిల్లవాడు, అరుగుమీది ముసలమ్మ, వీరందఱికిని మూగతనము నంటగట్టి మనము నిశ్చింతగా నున్నాము. వారి గంటను ఇంకెవరు లాగుచున్నారో యొక్కసారి చూతమా?