విద్యకు అంతరాయము

మన వారిలో పిల్లలను బడిలో చేర్పించని ఇల్లు నేడు అరుదు. అయినను సంతనాడు దుకాణములో సాయమునకనియు, బంధువుల పెండ్లికనియు, కొలనుపాక యాత్రకనియు బడి మాన్పించుట మనకు తప్పుగా తోచదు. ఒక్క దినమే కదా యనుకొందుము.

వర్తకులకు ఒక్క దినము విలువ తెలియనిది కాదు. చిట్టాలో ఒకనాటి పద్దులు విడిచినచో మరునాటి నిలువ సరిపడదు. అట్లే భాగాహారము నేర్పిన దినములలో రాని బాలునికి తరువాత భిన్నములు బోధపడవు. బోధపడనిచోట కూర్చుండుటకు సిగ్గుపడి, పిమ్మట తానే మానును.

పెద్దల పనికి తోడ్పడుట బిడ్డకు ధర్మము కాదా యని కొందఱు అడుగవచ్చును. ధర్మమే. బిడ్డ మన మాట కాదనలేడు గనుకనే ఆజ్ఞాపించు మనకు బాధ్యత హెచ్చు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము ఆఱవ అధ్యాయమున జ్ఞానావరణ కర్మమునకు హేతువులను చెప్పుచు, జ్ఞానమునకు అంతరాయము కలిగించుటను వానిలో చేర్చెను. బిడ్డను బడి మాన్పించుటయు అట్టి అంతరాయమే. ఆ దోషము మానిన బాలునిది కాదు, మాన్పించిన వారిది.

2009 నాటి విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్లవారికి ఉచిత నిర్బంధ విద్య నిచ్చినది. కాని ప్రతి ఉదయము బిడ్డను పంపవలసినది మనమే. జ్వరము వచ్చినపుడు మానుట వేఱు. యాత్రలను సెలవులలో పెట్టుకొందము. సంతనాటి పనికి కూలి యిచ్చి మనిషిని పెట్టుకొందము. కార్తీక శుద్ధ పంచమినాడు, జ్ఞానపంచమియని పుస్తకములను పూజించు మనము, మరునాడు బిడ్డచేతి పుస్తకమును మూయింపవచ్చునా?