అప్రధానమనే మాటలోని బాధ్యత

అణువిద్యుత్ కేంద్రంలో రియాక్టరును ఆపేవి, చల్లబరిచేవి భద్రతా పరికరాలు. విద్యుదుత్పత్తికి మాత్రమే ఉద్దేశించిన టర్బైన్ వంటివి భద్రతేతర పరికరాలు. శ్రద్ధను, వ్యయాన్ని అవసరమైనచోట కేంద్రీకరించడానికి ఈ విభజన తప్పదు. అయితే అది వస్తుస్వభావమా, మానవ నిర్ణయమా అన్నది నైతిక ప్రశ్న.

1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా కేంద్రం మొదటి యూనిట్‌లో రెండు టర్బైన్ రెక్కలు విరిగాయి. ఆ అదురుకు హైడ్రోజన్ వెలువడి మంటలు చెలరేగాయి. ప్రధాన సరఫరా కేబుళ్లు, అత్యవసర సరఫరా కేబుళ్లు తగినంత ఎడం లేకుండా సాగడంవల్ల రెండూ దెబ్బతిన్నాయి. యూనిట్ దాదాపు 17 గంటలు విద్యుత్తు లేకుండా ఉండిపోయింది. రియాక్టర్ ఆగినా అందులోని శేషోష్ణం వెంటనే ఆగదు. మంటలార్పే వ్యవస్థకు చెందిన డీజిల్ పంపుల నీటితో సిబ్బంది ఆ వేడిని తొలగించారు. రేడియోధార్మికత వెలువడలేదు.

ఇక్కడ ఆపద అప్రధానమనుకున్న చోటునుంచి వచ్చింది. రక్షణ మంటలార్పే పంపులనుంచి లభించింది. కావ్యంలో అంగరసం హద్దు మీరితే దానిని ఆలంకారికులు రసదోషంగా పరిగణించారు. అంగమైనంత మాత్రాన దాని దోషం అంగిని తాకకుండా ఉండదు. వర్గీకరణ పరికరానికి స్థానాన్ని నిర్ణయిస్తుంది గాని, దాని వైఫల్యానికి హద్దును నిర్ణయించలేదు. కనుక ఒకదానిని అప్రధానమని నిర్ణయించినవారే, అది విఫలమైతే ఏది కూలుతుందో ముందుగా విచారించవలసినవారు.