రక్తదానం సంగతి అడిగావు కదా

చిరంజీవి చిన్నాకి,

  

మొన్న రాత్రి పొద్దుపోయాక ఫోన్ చేసి, అదీ ఇదీ మాట్లాడి, పెట్టేయబోతూ, "అత్తా, రక్తదానం చేస్తే అన్ని పరీక్షలూ వాళ్లే చేసేస్తారు కదా" అన్నావు. ఆఫీసులో క్యాంపు పెడుతున్నారన్నావు. ముప్పయ్యేళ్ల పైన ఆసుపత్రిలో నర్సుగా చేసినదాన్ని నాయనా. ఆ ప్రశ్న చాలా నోళ్ల వెంట విన్నాను. నిన్ను నేనేమీ అడగను. తాంబూలాలు పుచ్చుకున్నాక కూడా ముహూర్తం మాటెత్తితే వాడెందుకు దాటేస్తున్నాడని మీ అమ్మ నన్ను అడుగుతోంది. ఆవిడకీ ఏమీ చెప్పలేదు, చెప్పను. ఫోన్లో అంటే నీ పక్కన ఎవరుంటారో తెలియదు, వాట్సాప్‌లో అంటే ఎవరి కంట పడుతుందో తెలియదు. అందుకే కాయితం మీద రాస్తున్నాను. చదివి చింపెయ్.

ముందు రక్తదానం మాట. ఆ క్యాంపుకి వెళ్లకు. దాతల రక్తానికి హెచ్ఐవి, హెపటైటిస్-బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు, నిజమే. కానీ సూక్ష్మజీవి ఒంట్లో చేరిన మొదటి రోజుల్లో ఏ పరీక్షకీ అది దొరక్కపోవచ్చు. అప్పుడిచ్చిన రక్తం బాగానే ఉందని తేలి, ఎవరో బాలింతకి ఎక్కుతుంది. మన అనుమానం తీర్చుకోవడానికి ఆ తల్లి ప్రాణాన్ని పణంగా పెట్టకూడదు. పైగా గనేరియా, క్లమీడియా లాంటివి ఆ పరీక్షల్లో ఉండనే ఉండవు.

మీ చిన్నాన్న పోయేనాటికి నీకు నాలుగేళ్లు. చేపల లారీ కేబిన్లో నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని హారన్ కొట్టించేవాడు, గుర్తుందో లేదో. ఆకివీడులో ఐసు కొట్టి పెట్టెలెక్కిస్తే హౌరాలో దించేదాకా నిద్రపోయేవాడు కాదు. వాడు క్షయతో పోయాడని ఇంట్లో నీకు చెప్పారు. అబద్ధం కాదు, క్షయే. ఆ క్షయ లొంగకపోవడానికి కారణం హెచ్ఐవి. ఇంట్లో ఎవరం ఆ మాట పైకి అనలేదు.

వాడు భయపడి దాక్కోలేదు చిన్నా. ఆ మాట నువ్వు తెలుసుకోవాలి. అనుమానం రాగానే తనంతట తానే పక్క టౌన్లో ఒక ల్యాబుకి వెళ్లి రక్తం ఇచ్చాడు, నాకు కూడా చెప్పకుండా. కవరు అంటించి చేతికివ్వాల్సిన రిపోర్టు బల్ల మీద బార్లా తెరిచి పడి ఉంది. అక్కడ పనిచేసే కుర్రాడిది మన పక్క ఊరు. పొద్దుగూకే వేళకి రైసు మిల్లు దగ్గర అదే మాట. మర్నాడు టీ కొట్టువాడు వాడి గ్లాసు విడిగా పెట్టాడు. క్లీనరు పని మానేశాడు. ఆ తర్వాత వాడు ఏ ఆసుపత్రి గడపా తొక్కలేదు. నేను పనిచేసే చోటికి అసలే రాలేదు, అక్కకి తలవంపులని. పేపర్లో "గుప్తరోగాలకు శాశ్వత చికిత్స" అని ప్రకటన ఇచ్చి, నెలకోసారి లాడ్జిలో గది తీసుకుని కూర్చునే డాక్టర్లు ఉంటారే, వాళ్ల చుట్టూ తిరిగాడు. పొట్లాల్లో భస్మాలు ఇచ్చారు. లారీ అమ్మేశాడు. ఆఖరికి మా వార్డుకే తెచ్చారు. సెలైన్ పెట్టడానికి నరం దొరకలేదు. చేతులు చూశాను, పాదాలు చూశాను. మడమ దగ్గర దొరికింది. అది 2002 శ్రావణం.

2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం హెచ్ఐవి మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ రిపోర్టు మూసిన కవర్లో వాడి చేతికి వచ్చి ఉంటే, సరైన డాక్టరు దగ్గరికి వెళ్లేవాడు, క్షయకి సరైన వైద్యం అందేది, ఆ రోజుదాకా లాక్కొచ్చేవాళ్లమని నా నమ్మకం. మీ పిన్ని గురించి నేనేమీ రాయను. అది ఆవిడ చెప్పుకుంటే చెప్పుకోవలసిన సంగతి.

నేను ట్రైనింగులో ఉన్న రోజులు, 1980 ప్రాంతం. సుఖవ్యాధుల ఓపీ ఆసుపత్రికి వెనకెక్కడో ఉండేది. మగవాళ్లు తువ్వాలు ముఖానికి చుట్టుకుని వచ్చేవాళ్లు. పేరడిగితే దొంగపేరు చెప్పేవాళ్లు. రెండోసారి వచ్చేసరికి ఆ పేరు వాళ్లకే గుర్తుండేది కాదు. పాత చీటీ దొరక్క వైద్యం మళ్లీ మొదటికొచ్చేది. సిఫిలిస్‌కి బెంజథీన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు. సీసాలో తెల్లపొడిలో నీళ్లు కలిపి ఊపితే చిక్కగా అయ్యేది. కాస్త ఆలస్యం చేస్తే సూదిలో అడ్డుపడేది. సగం ఒక పిరుదుకి, సగం రెండో పిరుదుకి. నొప్పికి మగాళ్లు బల్ల అంచు పట్టుకునేవాళ్లు. అంత పెద్ద రోగం తొలిదశలో ఆ ఒక్కసారి సూదితో నయమవుతుంది, ఇవాళ్టికీ.

ఆడవాళ్ల కష్టం వేరు. తెల్లబట్ట అవుతోందని వచ్చేవాళ్లు, పక్కనే అత్తగారు నిలబడేది. రెండు మూడు కాన్పులు పోయిన ఆడపిల్లలకి మాట పెగిలేది కాదు. మా హెడ్ సిస్టరు అత్తగారిని మందుల చీటీ ఇచ్చి పంపేసి, తలుపు గడియ వేసి, స్టూలు దగ్గరకి లాక్కుని కూర్చుని అప్పుడు అడిగేది. ఆ గడియ పడ్డాకే ఆ పిల్ల నోరు విప్పేది. నా ఉద్యోగంలో నేర్చుకున్న వాటిల్లో ఆ గడియ వేయడాన్ని మించింది లేదు.

ఇప్పటి పిల్లల్ని చూస్తే బాధేస్తుంది. తిన్న దోసె దగ్గర్నుంచి అన్నీ ఫోన్లో పదిమందికీ చూపిస్తారు, ఒంట్లో మంటగా ఉందని డాక్టరుకి మాత్రం చెప్పరు. మందుల షాపుకి వెళ్లి లక్షణం చెప్పి రెండు మాత్రలు మింగుతారు. గనేరియాకి ఒకప్పుడు పనిచేసిన సిప్రోఫ్లాక్సాసిన్ ఇవాళ పనికిరాకుండా పోయింది. ఫుల్ బాడీ చెకప్ అని డబ్బు పోసి థైరాయిడ్, విటమిన్లు చూపించుకుంటారు, అందులో అసలైన పరీక్ష ఉందా అని చూసుకోరు. పెళ్లిళ్లలో ముప్పయ్యారు గుణాలు కలిశాయా అని చూసే పెద్దవాళ్లం, పిల్లలిద్దరి రక్తం ఎలా ఉందని అడగం. ఆ తప్పు మాది.

ఇంకొకటి. పుండు మానిపోయింది కాబట్టి పోయిందనుకోకు. సిఫిలిస్ పుండుకి నొప్పి ఉండదు, కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది, రోగం లోపలే ఉంటుంది. క్లమీడియా చాలామందిలో ఏ లక్షణమూ చూపించదు. అది కట్టుకున్న పిల్లకి అంటి, కొన్నేళ్లకి పిల్లలు పుట్టలేదని ఆ పిల్లనే అందరూ మాటలంటారు.

ఇక చెప్పింది చెప్పినట్టు చెయ్. వాయిదా వద్దు.

పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి ఉదయం ఓపీ వేళకి వెళ్లు. హెచ్ఐవి పరీక్షలు చేసే ఐసీటీసీ ఎక్కడని అడుగు. హెచ్ఐవి పరీక్ష ఉచితం. ముందు కౌన్సెలర్ గదిలో కూర్చోబెట్టి మాట్లాడి, నీ ఒప్పుకోలు తీసుకుని రక్తం తీస్తారు. ఫలితం నీకే చెబుతారు. మిగతా సుఖవ్యాధులకి సురక్షా క్లినిక్ అని ఉంటుంది, అక్కడా ఉచితమే. అసలు పేరే చెప్పు. 2017లో చట్టం వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. నీ అనుమతి లేకుండా హెచ్ఐవి పరీక్ష చేయడం, ఫలితం బయటపెట్టడం చట్టవిరుద్ధం. ఉద్యోగం ఇవ్వడానికి ఆ పరీక్ష అడగకూడదు. మీ చిన్నాన్నకి ఆ చట్టం లేదు, నీకుంది. వెళ్లేముందు ఏదైనా అడగాలనిపిస్తే 1097కి ఫోన్ చెయ్, ఖర్చుండదు.

ప్రైవేటు ల్యాబు అయితే పేర్లు చెప్పి మరీ అడుగు: హెచ్ఐవి ఫోర్త్ జనరేషన్, వీడీఆర్ఎల్‌తో పాటు టీపీహెచ్ఏ, హెచ్‌బీఎస్ఏజీ, హెచ్‌సీవీ, గనేరియా క్లమీడియాలకి మూత్రంతో పీసీఆర్. దానికి ముందు గంటైనా మూత్రానికి వెళ్లకుండా ఉండాలి. పరగడుపు అక్కర్లేదు. మీ నాన్న షుగరు పరీక్షలు బుక్ చేసే ల్యాబు యాప్ నుంచి మాత్రం బుక్ చేయకు, రిపోర్టు ఆయన ఫోనుకి వెళుతుంది. నీ నంబరు ఇవ్వు. కంపెనీ ఇన్సూరెన్సులో క్లెయిము పెట్టకు.

తేదీలు లెక్క చూసుకో. భయపడాల్సింది జరిగిన 72 గంటల్లోపు ఆసుపత్రికి వెళ్తే, 28 రోజులు వాడే మందుతో హెచ్ఐవిని అడ్డుకోవచ్చు. ఈ ఉత్తరం చేరేసరికి ఆ గడువు దాటే ఉంటుంది, అయినా తెలిసి ఉండాలి. ఫోర్త్ జనరేషన్ పరీక్షకి 45 రోజులు, మామూలు ర్యాపిడ్ టెస్టుకి 90 రోజులు దాటాకే లేదన్న మాట నమ్మాలి. ఇప్పుడొకసారి చేయించి, ఆ గడువుకి మళ్లీ చేయించు. అన్నీ తేలేదాకా ఎవరితోనూ కండోమ్ లేకుండా వద్దు.

ఏదైనా ఉందని తేలితే పెళ్లి మాట అప్పుడు ఆలోచిద్దాం, ముందుగా నువ్వే చెడగొట్టుకోకు. బాక్టీరియావి మందుతో పోతాయి. హెచ్ఐవికి జీవితాంతం ఉచితంగా మందుంది. రోజూ వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకి కనబడనంతగా తగ్గిపోయి అలాగే ఉంటే, లైంగికంగా ఇంకొకరికి అంటదు. కానీ అవతలి మనిషికి చెప్పాలి. ఆమెకీ పరీక్ష జరగాలి. ఎలా చెప్పాలో తోచకపోతే కౌన్సెలర్‌ని అడుగు, వాళ్ల పనే అది.

ఫలితం ఏమిటో నాకు చెప్పనక్కర్లేదు. వెళ్లానని ఒక్క మాట పంపు చాలు. హెపటైటిస్-బి లేదని తేలితే అదే రోజు టీకా మొదటి డోసు వేయించుకో. రెండోది నెలకి, మూడోది ఆరు నెలలకి. మధ్యలో మానకు.

ఇట్లు,
మీ మేనత్త